జేబులో నాలుగు నట్లు

శనివారం పొద్దున్నే మండపేటలో భీమరాజు ఇంట్లో పులిహోర తాలింపు వాసన గుప్పుమంటోంది. లోవమ్మ అరిటాకు పరిచిన స్టీలు డబ్బాలోకి పులిహోర సర్దుతూ, పెరటి గుమ్మంలో గెడ్డం గీసుకుంటున్న మొగుడి వైపు చూడకుండానే అంది.

"ఏవండీ, ఈ రెండ్రోజులూ ఆ చెయ్యి జేబులో పెట్టుకోండి. మీకు దణ్ణం పెడతాను."

భీమరాజు బ్లేడు ఆపాడు. చేతి అద్దంలో అతని వెనక గోడ కనిపిస్తోంది. గోడకి మేకు, మేకుకి మూరెడు బెల్టు ముక్క. రైసుమిల్లులో అరిగిపోయిన బెల్టుని కోసి, కూతురు సుప్రియకి ఏడేళ్ళప్పుడు తెచ్చి తగిలించాడు. పిల్ల ఇంజనీరింగు రెండో ఏడుకి వచ్చినా అది అక్కడే ఉంది.

"నా కూతుర్ని నా ఇంటికి తెచ్చుకోడానికి నేను చేతులు కట్టుకు నిలబడాలా?"

"కట్టుకోనక్కర్లేదు. ఎత్తకుండా ఉంటే చాలు."

సుప్రియ భీమవరంలో బాబాయి అశోక్ ఇంట్లో ఉండి చదువుతోంది. ప్రతి శనివారం సాయంత్రానికి ఇంటికి వచ్చేది. ఆ ఏడు గోదావరి పుష్కరాల్లో ఒక శనివారం మాత్రం చీకటి పడ్డ ఎంతసేపటికో వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగానే బెల్టు దిగింది. ఎన్ని దెబ్బలో భీమరాజుకి గుర్తు లేదు. రావులపాలెం వంతెన మీద యాత్రికుల బస్సులు నిలిచిపోయి పిల్ల మూడు గంటలు నిలబడే ఉందని, అదే బస్సులో వచ్చిన పాలవాడు మర్నాడు చెబితే తెలిసింది. అప్పటికే సుప్రియ వాతలు తేలిన వీపు మీద చున్నీ కప్పుకుని మొదటి బస్సుకి వెళ్ళిపోయింది. మూడు నెలలైంది. ఫోన్లో తల్లితో మాట్లాడుతుంది. తండ్రి గొంతు వినపడితే పెట్టేస్తుంది.

ఆ మూడు నెలల్లో భీమరాజుకి అన్నం సయించలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అతనికి చేతకాదు.

కార్తీక వనభోజనాలు అశోక్ పెట్టుకున్నాడు. ఏటా ఎవరి తోటలోనో ఒక పూట తిని లేచే భోజనాలు. ఈసారి పేరుపాలెం బీచి దగ్గర రొయ్యల చెరువుల ఆసామి కట్టుకున్న మేడని రెండ్రోజులకి అద్దెకి తీసుకున్నాడు. "అన్నయ్యా, సుప్రియ కూడా వస్తుంది. నువ్వు నోరు తెరిచి ఒక్క మాట అడుగు చాలు. ఆదివారం మీ జీపెక్కుతుంది" అని ఫోన్లో చెప్పాడు. ఆ మాట భీమరాజుకి ముల్లులా దిగింది. తండ్రి పోతే ఏడో తరగతిలో పలక పారేసి మిల్లుకి పోయింది తను. తన జీతంతో కాలేజీ మెట్లెక్కి, భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ పెట్టింది వాడు. ఇప్పుడు వాడు చెబితే తను నోరు తెరవాలి.

జీపు మేడ ముందు ఆగేసరికి తొమ్మిదైంది. సరుగుడు తోట మధ్య తెల్లగా రెండంతస్తులు, ఎదురుగా సముద్రం. పై వసారాలో నిలబడ్డ సుప్రియ తండ్రిని చూసి లోపలికి వెళ్ళిపోయింది. చెల్లెలు మాణిక్యాంబా, వాళ్ళాయనా, పిల్లలూ అప్పటికే నీళ్ళలో ఉన్నారు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న తల్లి శ్యామలాంబ కొడుకుని దగ్గరికి పిలిచింది.

"ఒరే పెద్దోడా, పిల్ల రాత్రంతా పడుకోలేదు. నాన్నగారు ఏమంటారో, నేనేం చెప్పాలో అని నన్ను పది సార్లడిగింది. తొందరపడకు."

"నేనేం పులినా అమ్మా?"

"పులి ఆకలేస్తేనే మీద పడుతుంది" అంది ముసలావిడ.

పదింటికి కరెంటు పోయింది. పై ట్యాంకులో నీళ్ళు లేవు, వంటింట్లో అశోక్ భార్య హారతి, తోమని గిన్నెల ముందు కూర్చుంది. వాచ్‌మన్ అప్పాజీ మేడ వెనక షెడ్డులో ఉన్న డీజిల్ ఇంజను హ్యాండిల్ తిప్పి తిప్పి చెమటలు కక్కుతున్నాడు. ఇంజను అంటుకున్నా బెల్టు జారిపోతోంది, జనరేటరు తిరగడం లేదు.

అశోక్ సెల్‌ఫోను తీశాడు. "నరసాపురం నుంచి మెకానిక్‌ని రమ్మందాం."

"మెకానిక్‌ని ఎదురుగా పెట్టుకుని ఫోనెందుకురా? మీ చదువులకి లొంగదు ఇది" అన్నాడు భీమరాజు లుంగీ ఎగ్గట్టి.

బెల్టుకి అడ్డంగా ఇనప జాలీ ఉంది. నాలుగు నట్లు విప్పి జాలీ తీసి గోడకి ఆనించాడు. నట్లు పోకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. జనరేటరుని వెనక్కి జరిపి బెల్టు బిగించి హ్యాండిల్ తిప్పితే రెండో చుట్టుకే ఇంజను అందుకుంది. మేడలో ఫ్యాన్లు తిరిగాయి. పిల్లలు కేకలేశారు. చాలా రోజుల తరవాత భీమరాజు నవ్వాడు.

అప్పాజీ జాలీ వైపు చెయ్యి చూపించాడు. భీమరాజు చూడనట్టు ఊరుకున్నాడు. మిల్లులో జాలీ బిగించేది తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడే. మిగతా రోజుల్లో అది గోడకే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా అంతే. అప్పాజీ బీడీ వెలిగించుకోడానికి బయటికి పోయాడు.

అప్పుడు వచ్చింది సుప్రియ, స్టీలు గ్లాసులో టీతో. ఆమె పెదాలు కదిలాయి. ఇంజను మోతలో ఒక్క ముక్కా వినపడలేదు. అతను గ్లాసు అందుకోడానికి లేచాడు. పిల్ల ఇంకో అడుగు దగ్గరికి వేసింది. సముద్రం మీంచి కొట్టిన గాలికి భుజం మీది చున్నీ లేచి బెల్టు వైపు పోయింది.

అరిస్తే వినపడదు. మిల్లులో అందుకే ఎవరూ అరవరు. భీమరాజు పిల్ల జడ పట్టుకుని, బలం కొద్దీ గుంజి, వాకిలి వైపు విసిరాడు. సుప్రియ తల ద్వారబంధానికి కొట్టుకుంది. నుదురు చిట్లి రక్తం కళ్ళలోకి కారింది. టీ గ్లాసు దొర్లుకుంటూ బయటికి పోయింది.

గ్లాసు దొర్లడం చూసి పరిగెత్తుకొచ్చిన అశోక్ కళ్ళకి కనపడింది అన్న చేతిలోని జడ, పిల్ల మొహం మీద రక్తం. ఇంకేం కావాలి?

"పండగ పూట కూడానా? నువ్వు మనిషివేనా?"

వాకిట్లో సరుగుడు కర్ర ఉంది. అశోక్ దాన్ని రెండు చేతులా ఎత్తి కొట్టాడు. భీమరాజు అడ్డం పెట్టిన ఎడమ చెయ్యి మోచేతి కింద చిట్లిన చప్పుడు ఇంజను మోతలోనూ వినపడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడకముందే భీమరాజు తమ్ముడి మీదికి దూకాడు. ఇద్దరూ ఇసకలో పడ్డారు. అతని కుడి చెయ్యి తమ్ముడి గొంతు దొరకబుచ్చుకుంది. ఏడో తరగతి పలక, పాతికేళ్ళ జీతం, ఫోన్లో చెప్పిన బుద్ధులు, అన్నీ ఆ వేళ్ళలోకి దిగాయి. అశోక్ మొహం కందగడ్డలా అయింది. కాళ్ళు ఇసకని తన్నుతున్నాయి.

"వదలరా, చచ్చిపోతాడు" అంటూ శ్యామలాంబ వచ్చి కొడుకు వీపు మీద పడింది. అతను ఒక్క విదిలింపు విదిలిస్తే ముసలావిడ వెల్లకిలా పడింది. హారతి కాళ్ళు పట్టుకుని లాగుతోంది. అతనికేమీ తెలియడం లేదు.

అప్పుడు వీపు మీద దెబ్బ పడింది. మళ్ళీ ఒకటి. మూడోది చెవి పక్కన. వేళ్ళు సడలాయి. తిరిగి చూస్తే సరుగుడు కర్ర లోవమ్మ చేతిలో ఉంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో గొంతు కూడా పెంచని మనిషి.

"ఎలా ఉంది?" అంది కర్ర దించకుండా. "ఎందుకు కొట్టానో చెప్పకుండా కొడితే ఎలా ఉంటుందో తెలిసిందా? జేబులో పెట్టుకోమన్నాను కదండీ. రెండ్రోజులు. రెండంటే రెండ్రోజులు. పిల్ల మీకు టీ ఇస్తానని తనంతట తనే వచ్చింది. ఇంటికొస్తాననే చెప్పడానికి వచ్చింది."

షెడ్డులో ఇంజను గురక పెట్టి, రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. సముద్రం చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చినట్టయింది. లోపలికి వెళ్ళిన అప్పాజీ గుమ్మంలోకి వచ్చి, "బాబుగారూ, ఓసారి ఇలా రండి" అన్నాడు.

బెల్టు పుల్లీకి సుప్రియ చున్నీ చుట్టుకుపోయి ఉంది. రెండున్నర గజాల గుడ్డ నల్లగా మాడి, మోకులా మెలితిరిగి, ఇంజను ఊపిరి ఆగేంత బిగుతుగా. అది పిల్ల మెడలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. హారతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అశోక్ మెడ మీద ఐదు వేళ్ళూ అలాగే ఉన్నాయి. అతను వచ్చి అన్న కాళ్ళ మీద పడ్డాడు. "అన్నయ్యా, పిల్లని కాపాడావా? నేను చెయ్యి విరగ్గొట్టానా నీది?" అని పొగిలి ఏడ్చాడు. లోవమ్మ చేతిలోంచి కర్ర జారిపోయింది. శ్యామలాంబ ఇసక దులుపుకుంటూ లేచి, అందరికీ చెప్పింది.

"వీడు మిల్లులో చేరిన మొదటి రోజు వీడి తువ్వాలు బెల్టు మీదికి పోతే మేస్త్రీ చెంప మీద కొట్టి ఇవతల పారేశాడు. మూడు రోజులు చెవి వినపడలేదు. ఆ దెబ్బే వీణ్ణి బతికించింది. ఇవాళ వీడి చెయ్యి పిల్లని బతికించింది."

భీమరాజు ముప్పై ఏళ్ళుగా ఎదురుచూసిన రోజు అది. ఇంటిల్లిపాదీ అతని ముందు తలలు దించుకున్నారు. తన దెబ్బకి అర్థం ఉందని, దెబ్బే తనకి తెలిసిన చదువని, అందరూ ఒప్పుకుంటున్నారు. సుప్రియ నుదుటికి తడిగుడ్డ అదుముకుని అతని వంక చూస్తోంది. ఆ చూపులో మూడు నెలల కోపం కరుగుతోంది. ఇంకేమీ అనకుండా ఊరుకుంటే రేపు పిల్ల జీపెక్కుతుంది.

అప్పాజీ గోడకి ఆనించిన జాలీ వైపు చూశాడు. తరవాత భీమరాజు వైపు చూశాడు. తరవాత కళ్ళు దించుకున్నాడు. అద్దెకొచ్చిన పెద్దమనుషుల మధ్య అతను నోరు విప్పడు. ఆ ఇనప ముక్క ఏమిటో మిగతా వాళ్ళకి తెలియదు.

భీమరాజు కుడి చెయ్యి జేబులోకి పోయింది. నట్లు చల్లగా తగిలాయి. తీసి, తమ్ముడి అరచేతిలో పోశాడు. నాలుగు.

"ఇవేంటి అన్నయ్యా?"

"జాలీవి. బెల్టుకి అడ్డం ఉండేది. పొద్దున్న నేనే విప్పాను. మళ్ళీ పెట్టలేదు. అప్పాజీ చూపించినా పెట్టలేదు. అది ఉంటే చున్నీ పోయేది కాదు."

అతను కూతురి వైపు తిరిగాడు. విరిగిన చెయ్యి పొట్టకి అదుముకుని ఇసకలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నేను కాపాడలేదమ్మా. నా తప్పుతో నిన్ను చంపబోయి, ఆ తరవాత కొట్టాను. పుష్కరాలప్పుడూ అంతే. బస్సు ఎందుకు ఆగిందని అడగాల్సింది. భయం వేసింది నాకు. రేవుల్లో అంత జనం, పిల్ల ఏమైందో అని సాయంత్రం నుంచీ బస్టాండుకీ ఇంటికీ తిరిగాను. నువ్వు గుమ్మంలో కనపడగానే ఆ భయమంతా నీ వీపు మీద పెట్టాను."

లోవమ్మ కూడా ఆ సంగతి వినడం అదే మొదటిసారి. అతను చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే వెళ్ళి పక్కన కూర్చుంది, తను కొట్టిన చెవి పక్క కొంగుతో ఒత్తుతూ.

సుప్రియ దగ్గరికి రాలేదు. ఉన్న చోటి నుంచే, "ముందు ఆసుపత్రికి పదండి నాన్నగారూ" అంది.

నరసాపురంలో తండ్రి చేతికి సిమెంటు కట్టు, కూతురి నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఆదివారం ఉదయం అందరూ సామాన్లు సర్దుకుంటుంటే భీమరాజు తమ్ముడి దగ్గర నట్లు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. ఒంటి చేత్తో జాలీ ఎత్తబోయాడు, లేవలేదు. వెనక నుంచి రెండు చేతులు వచ్చి పట్టుకున్నాయి.

"ఎక్కడ పెట్టాలి?" అంది సుప్రియ.

చెయ్యి పట్టి చూపించబోయి ఆగాడు. మాటల్లో చెప్పాడు. "పైకి. ఇంకొంచెం. నీ ఎడమ పక్కకి. ఆ, అక్కడ." ఆమె నాలుగు నట్లూ వేళ్ళతో తిప్పి, స్పానరుతో బిగించింది. ప్రతి నట్టుకీ అతను, "చాలు, ఎక్కువ బిగిస్తే మర అరిగిపోతుంది" అని నెమ్మదిగా చెప్పాడు. ఇంజను ఆగి ఉంది కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"ఇంట్లో మేకుకి ఆ బెల్టు ఉన్నంత కాలం నేను రాను" అంది ఆమె చేతులు తుడుచుకుంటూ.

"వెళ్ళగానే పొయ్యిలో పెడతాను."

"ఇవాళ రాను. శనివారం వస్తాను."

"సరే."

జీపు హారను మోగింది. సుప్రియ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మళ్ళీ బస్సు లేటయితే?"

భీమరాజు తలెత్తాడు. కట్టు కట్టిన చెయ్యి మెడలో వేలాడుతోంది. రెండోది, ఏం చెయ్యాలో తెలియనట్టు, జేబులో ఉంది.

"బస్టాండులోనే కూచుంటాను. దిగాక అడుగుతాను, ఎందుకు లేటయిందమ్మా అని. నువ్వు చెప్పేదాకా ఊరుకుంటాను."