నేను వేసిన బేటరీ ఇది కాదు

ధనశ్రీ దుకాణంలోకి వచ్చేసరికి బాగా తడిసిపోయి ఉంది. చున్నీ కింద దాచి తెచ్చిన చేతి వాక్యూమ్ క్లీనర్ మీద మాత్రం ఒక్క చుక్క వాన పడలేదు.

"రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతందండీ," అంటూ దాన్ని బల్ల మీద పెట్టింది.

నానాజీ టవల్ అందించాడు. ఆమె దాంతో యంత్రాన్ని తుడవడం మొదలుపెట్టింది.

"దాన్ని కాదండీ. మిమ్మల్ని."

ఆమె నవ్వేసింది. నానాజీకి స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టాడో గుర్తురాలేదు. అది అతని చేతిలోనే ఉంది.

రావికమతం దగ్గర చెరకు రైతు కొడుకు నానాజీ. అనకాపల్లి స్టేషన్ రోడ్డులో రిపేరు షాపు పెట్టి ఎనిమిది నెలలైంది. ఇప్పుడిప్పుడే నలుగురూ అతని పేరు చెప్పుకుంటున్నారు.

"నాన్నకి ఆయాసమండీ," అంది ధనశ్రీ. "బెల్లం వ్యాపారం. మార్కెట్లో గోనెల దుమ్మంతా ఒంటి మీద ఇంటికి తెచ్చేస్తారు. రోజూ దీంతో మంచం, పరుపు శుభ్రం చెయ్యకపోతే ఇంక దగ్గే దగ్గు."

నానాజీ విప్పి చూశాడు. లోపల మూడు బేటరీ సెల్స్. ఒకటి ఉబ్బిపోయింది.

"మోటారు మంచిదే. సెల్స్ పోయేయి. ఒక్కటి మారిస్తే మిగతా రెండూ దాన్ని కూడా పాడుచేస్తాయి. మూడూ మార్చాలి."

కొత్త సెల్స్‌కి నికెల్ పట్టీ వెల్డింగ్ చేసి, వాటి మీద మార్కర్‌తో తేదీ రాసి, మూత బిగించి స్విచ్ నొక్కాడు. యంత్రం గోలపెట్టింది. ఆ గోలలో ఆమె ఏదో అడిగింది. వినబడకపోయినా అతను తలూపాడు. ఆమె బయటికి వెళ్ళిపోయింది. ఏం ఒప్పుకున్నాడో అర్థంకాక నానాజీ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఐదు నిమిషాల్లో రెండు టీలతో తిరిగొచ్చింది. "టీ తాగుతారా అన్నాను."

ఆ వారంలో ఆమె మరో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి, నాన్న హాయిగా నిద్రపోతున్నారని చెప్పడానికి. రెండోసారి, ఏ లోపమూ లేని ఫోన్ ఛార్జర్‌ని రిపేరు చెయ్యమనడానికి.

"ఇది బాగానే ఉందండీ," అన్నాడు నానాజీ.

"అయితే సరే," అని అరగంట కూర్చుని వెళ్ళింది.

పన్నెండో రోజున మాత్రం మొహం ఎర్రగా పెట్టుకుని వచ్చి యంత్రాన్ని బల్ల మీద ఠప్పున పెట్టింది.

"అసలు బేటరీ మార్చేరా మీరు?"

నానాజీ కంగారుగా విప్పాడు. లోపల పాత సెల్స్. రెండు ఉబ్బి ఉన్నాయి. తేదీ లేదు.

"నేను వేసిన బేటరీ ఇది కాదు."

"అంటే? నేను మార్చేనా?"

"నేనలా అన్లేదు. ఎవరో మార్చేరు."

"మా ఇంట్లో బేటరీ దొంగలున్నారా?" అంది ధనశ్రీ. "మూడు రోజుల్నుంచి నాన్న కూర్చునే నిద్రపోతున్నారు. మీ పని మంచిదని ఆయనకి నేనే చెప్పేను."

"ఉంచి వెళ్ళండి. మళ్ళీ కొత్తవి వేసిస్తాను."

"చూసేరా? తప్పు చేసేరు కాబట్టే ఒప్పుకుంటున్నారు!"

ఒప్పుకోకపోతే మోసం, ఒప్పుకుంటే తప్పు. సాయంత్రానికి కొత్త సెల్స్ వేసి ఇచ్చాడు. ఆమె అతని మొహం చూడకుండా తీసుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అతను తల బద్దలుకొట్టుకున్నాడు. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. తను సెల్స్ వేసింది ఆమె కళ్ళముందే. రెండూ నిజమే అయితే ఆ పాత సెల్స్ ఎక్కడివి?

ఐదో రోజు దేవరాపల్లి నుంచి ఫోనొచ్చింది.

"బాబూ, నా పేరు చిన్నమ్మలు. నువ్వు బాగుసేసిన దుమ్ము మిషను ఎర్రలైటు ఎలుగుతంది. ఏటి సెయ్యాల?"

"ఛార్జి ఎక్కుతోందండీ, ఏం కాదు. మీరు మా షాపుకి ఎప్పుడొచ్చేరు?"

"నేను రాలేదు. గవరపాలెంలో మా అక్క సత్యలక్ష్మి, అదే ధనశ్రీ వాళ్ళమ్మ, నీ నెంబరిచ్చింది. ఇద్దరం ఒకేలాటివి కొన్నాం. నాది పోయింది. అల్లుడొత్తన్నాడు, ఇల్లు దులపాలన్నాను. అక్క తనది నాకిచ్చి నాది అట్టుకెళ్ళింది. ఆ అబ్బాయి మంచోడు, మళ్ళీ బాగుసేత్తాడులే అంది. కూతురికి సెప్పొద్దంది. అది అరుత్తాదట."

నానాజీ పక్క కొట్టు పైడితల్లికి షాపు అప్పగించి, బండి తీసి గవరపాలెం పరిగెత్తాడు. ఎవరో మార్చేరని ఆమె ఇంటివాళ్ళని అనుమానించినందుకు సారీ చెప్పాలి.

ధనశ్రీ ఇంట్లో లేదు. వాళ్ళ నాన్న వెంకటరమణమూర్తి వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. గంట తరవాత నానాజీ తిరిగొచ్చేసరికి మళ్ళీ వాన మొదలైంది. షాపులో అతని స్టూలు మీద ధనశ్రీ కూర్చుని ఉంది.

"అమ్మ ఇందాక నిజం చెప్పింది," అంది తల దించుకుని. "సారీ చెబ్దామని వచ్చేను. మీరెక్కడికి పోయేరు?"

"మీ ఇంటికి. సారీ చెప్పడానికి."

ధనశ్రీ చప్పున లేచింది. "నాన్న ఉన్నారే! ఏం చెప్పేరు?"

"నాలుగు రోజులుగా నాకు నిద్ర లేదన్నాను. 'బేటరీ కోసం నిద్ర మానుకోడవేటయ్యా?' అన్నారు."

"మీరేం అన్నారు?"

"బేటరీ కోసం కాదన్నాను."

ధనశ్రీ చున్నీ కొసని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేను కూడా ఆ ఛార్జర్ కోసం రాలేదు," అంది చివరికి.

అంతలో ఆమె ఫోను మోగింది. నాన్న. ఆమె విని, మొహమంతా ఎర్రబడి, ఫోను పెట్టేసింది.

"ఏవన్నారు?" అడిగాడు నానాజీ.

"ఒకబ్బాయొచ్చి గంటసేపు మాటాడేడు, సగమే అర్థమైంది, అన్నారు."

"తరవాత?"

"మిగతా సగం చెప్పడానికి వాళ్ళమ్మనీ నాన్ననీ పంపమను, అన్నారు."