రెండు వందల పన్నెండో కుర్చీ

"కుర్చీలు ఎన్ని?"

ఆ గొంతు విని రాజీవ్ వెనక్కి తిరిగాడు. మెడలో ఎలక్షన్ డ్యూటీ కార్డు, చేతిలో చిన్న కెమెరా, చంకలో రిజిస్టరు. వీటన్నిటి వెనక ఒక అమ్మాయి. ముఖంలో నవ్వు మచ్చుకైనా లేదు.

"మీరు ఎన్నంటే అన్ని మేడం."

"నేను అనేది ఉండదు. లెక్కపెట్టుడే."

చిక్కడపల్లిలో రాజీవ్‌కు టెంట్ హౌస్ ఉంది. అతని మేనత్త ప్రభావతి, రిటైరైన టీచరమ్మ, కార్పొరేటర్‌గా నిలబడింది. పార్టీ లేదు, జెండా లేదు. "పైసలు యాడికెల్లి వచ్చినయో చెప్పనోడు, గెలిచినంక యాడికి పోయినయో చెప్తడా?" అన్నదే ఆమె ప్రచారం. రోజూ సాయంత్రం గేటుకు తగిలించిన నల్లబోర్డు మీద ఆనాటి ఖర్చు రాస్తుంది. ఎవరేమిచ్చారో పేరుతో సహా రాస్తుంది.

ఆమె మొదటి మీటింగు అశోక్ నగర్ గల్లీలో. కుర్చీలు రాజీవ్ వేయించాడు. ఆ అమ్మాయి వరసవరసగా నడిచి లెక్కపెట్టింది. కెమెరాలో తీసింది. రాసుకుంది.

"నూట యాభై. ఆఫీసు రేట్ల లిస్టుల ఉన్న కిరాయి లెక్కన మీ అభ్యర్థి ఖర్చుల పడతది."

"ఏంది మేడం! మా అత్తకు మా కుర్చీలు. నేను కిరాయే తీసుకుంటలేను."

"ఫ్రీగ ఇచ్చినా ఖర్చే. లేకుంటే ప్రతి లీడర్‌కు టెంట్ హౌస్ మేనల్లుడు పుట్టుకొస్తడు."

మీటింగుకొచ్చిన కోచింగ్ సెంటర్ల పిల్లలు గొల్లుమన్నారు. రాజీవ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఇంటికొచ్చి అత్తతో మొరపెట్టుకున్నాడు. ఆమె సుద్దముక్క తీసుకుని 'రాజీవ్ ఇచ్చినవి: కుర్చీలు 150' అని బోర్డు మీద రాసేసింది.

"ఆ పిల్ల సక్కగనే చెప్పింది. పేరేంది?"

"సంయుక్త. నారాయణగూడల ఉంటది. ఉద్యోగంల చేరి ఏడాది గూడ కాలే."

ప్రభావతి కళ్లజోడు పైనుంచి చూసింది. "కొట్లాడి వచ్చినవా, బయోడేటా తెచ్చినవా?"

ఆ రిజిస్టరు అడిగితే ఎవరికైనా చూపించాలని అత్తే చెప్పింది. ఇంకేం, మర్నాటి నుంచి రాజీవ్ నారాయణగూడ ఎన్నికల ఆఫీసులో ప్రత్యక్షం. బల్లకు ఇవతల అతను, అవతల సంయుక్త. రిజిస్టరు మీద ఒక చూపు, పైకి రెండు చూపులు.

"నిన్న చదివిన పేజీయే ఇయ్యాల గూడ చదువుతున్నరు."

"మీ చేతిరాతల మా కుర్చీలు గూడ ముద్దుగ కనబడుతున్నయి మేడం."

"అసలు ఎందుకొస్తున్నరు?"

రాజీవ్ గొంతు సవరించుకున్నాడు. "పారదర్శకత."

సంయుక్త తల వంచుకుంది. నవ్విందో లేదో రిజిస్టరుకే తెలియాలి.

మీటింగుల దగ్గర ఆమెకు చాయ్ పంపేవాడు. అది పంపినంత వేగంగా తిరిగొచ్చేది.

"అభ్యర్థి దిక్కెల్లి చాయ్ తాగొద్దు. ఎలక్షన్ కోడ్."

"కోడ్ ఎప్పుడు పోతది?"

"రిజల్ట్ వచ్చినంక."

"గప్పటిదాక ఆగుడు అయితదా?"

"నాకైతే అయితది. మీ సంగతే తెల్వదు."

చివరి మీటింగు నాడు వాన దంచింది. జనం కుర్చీలు నెత్తిన బోర్లించుకుని నిలబడ్డారు. సంయుక్త బురదలో జారింది. కాలు బెణికింది. అయినా స్తంభాన్ని పట్టుకుని ఒంటికాలి మీద లెక్క మొదలుపెట్టింది. రాజీవ్ కుర్చీ ఎత్తుకుని ఉరికాడు.

"కూసోండి."

"వద్దు. కోడ్."

"కుర్చీ చాయ్ గాదు మేడం, తాగేది లేదు. జర కూసోండి."

కూర్చుంది. కూర్చునే వేలు చూపించి లెక్కపెట్టింది, వీడియో తీసింది. రెండు వందల పదకొండు.

మర్నాడు పిడుగు పడింది. అవతలి అభ్యర్థి ఏజెంటు జోగారావు ఫిర్యాదు పెట్టాడు. తమవాళ్లు లెక్కపెడితే రెండు వందల పన్నెండట. రాజీవ్‌తో చనువు కొద్దీ ఆవిడ ఒకటి తగ్గించి రాసిందట. విచారణ మధ్యాహ్నమే. అది రుజువైతే కొత్త ఉద్యోగం ఊడినట్టే.

మీటింగు నుంచి తిరిగొచ్చిన కుర్చీలు రాజీవ్ గోదాములో తనే లెక్కపెట్టుకున్నాడు. రెండు వందల పన్నెండు! ఆ పిల్ల లెక్క తప్పదు. మరి ఇదెక్కడిది? అప్పుడు తట్టింది. చెబితే ఆమె తమ కుర్చీలో కూర్చున్న సంగతి బయటపడుతుంది. చెప్పకపోతే దొంగ లెక్క రాసిందంటారు.

"బోర్డు మీద రాయలేని పని మనం చేయలే గదా," అంది ప్రభావతి. "పోయి చెప్పు."

విచారణ కెమెరా ముందే. ఖర్చుల అధికారి ఉమాకాంత్ సంయుక్త వీడియో మూడుసార్లు వేయించాడు. మూడుసార్లూ రెండు వందల పదకొండే; గోదాముకు తిరిగొచ్చినవేమో రెండు వందల పన్నెండు. ఆమె ముఖం తెల్లబోయింది.

"సార్," అన్నాడు రాజీవ్, "ఆ కుర్చీ వీడియోల రాదు. మేడం దాని మీదనే కూసొని తీసిండ్రు."

ఏరు దాటిన పదిమంది తమను తాము లెక్కపెట్టుకోక తొమ్మిదిమందిమే అని ఏడ్చిన కథ ఉమాకాంత్‌కు గుర్తొచ్చినట్టుంది. మీసం కింద నవ్వాడు.

సంయుక్త లేచి నిలబడింది. "నిజమే సార్. కాలు బెణికింది, కూసున్న. కూసున్నది రాయాలె, రాయలే. తప్పు నాదే."

"చూశారా!" జోగారావు బల్ల చరిచాడు. "ఆవిడకే ఎందుకిచ్చాడండీ కుర్చీ? కాలు బెణికితే అందరికీ ఇస్తావటయ్యా?"

"ఇస్త సార్." రాజీవ్ తలెత్తి చూశాడు. కెమెరాలో ఎర్రదీపం మిణుకుమంటోంది. "కాని అందరి కోసం గట్ల ఉరకను."

జోగారావు మళ్లీ నోరు తెరిచేలోపే రాజీవ్ అందుకున్నాడు.

"ఈమెను చూసేందుకే రోజూ రిజిస్టర్ చదివిన. అది నా తప్పు. ఈమె మాత్రం మా చాయ్ ఒక్క గుక్క తాగలే, ఒక్క కుర్చీ ఇడిచిపెట్టలే. గిది గూడ రాసుకోండి సార్."

ఉమాకాంత్ దగ్గాడు. "అమ్మా, ఆ కుర్చీ కలిపి రాయి. ఇంకోసారి కూర్చుంటే కూర్చున్నట్టు రాయి. ఇక ఈయన చెప్పిన మిగతాదంటావా, అది ఎన్నికల ఖర్చు కిందికి రాదు."

సంయుక్త పదకొండు కొట్టేసి పన్నెండు రాసింది. ఎప్పుడూ లేనిది, అంకె వంకర పోయింది.

ప్రభావతి ఓడిపోయింది. అయినా బోర్డు తీయలేదు. "ఇగ గెలిచినోళ్ల ఖర్చు అడిగి రాస్త," అంది.

కోడ్ ఎత్తేసిన సాయంత్రం, సన్నగా తుంపర పడుతుండగా, సంయుక్త టెంట్ హౌస్ మెట్లెక్కింది. తనే ఒక కుర్చీ లాక్కుంది.

"ముందు దీన్ని లెక్కల రాసుకోండి. తర్వాత చాయ్ చెప్పండి."

రాజీవ్ రెండు చాయ్‌లు చెప్పాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆదివారం మా నాన్న ఇంట్లనే ఉంటడు," అంది గ్లాసు ఊదుకుంటూ. "మీ అత్తను తీసుకరండి. నాన్నకు మీ సంగతి అంత తెలుసు."

"ఎవరు చెప్పిండ్రు?"

"మీరే. ఆ విచారణ వీడియో కాపీ అడిగితే ఎవరికైనా ఇస్తరంట. తెచ్చుకున్న. రోజూ చూస్తున్న."

"రోజూనా? ఎందుకు?"

సంయుక్త అతని కళ్లలోకి సూటిగా చూసింది. ఈసారి నవ్వు దాచుకోలేదు.

"పారదర్శకత."