సున్నం పడిన సముద్రం

"ముందు ఈ డబ్బాను ఎక్కించు. నన్ను తర్వాత ఎక్కించుకోవచ్చు!"

వాన దంచి కొడుతోంది. చెన్నేకొత్తపల్లి దాటాక వంక పొంగి రోడ్డెక్కింది. హిందూపురం బస్సు ఆగిపోయింది. బస్సు దిగి, చున్నీ కింద డబ్బాను దాచుకొని, తాను మాత్రం నిలువునా తడుస్తున్న ఆ పిల్ల కీర్తన. ధర్మవరం అమ్మాయి. ఆమెను తమ ఇంటికి తీసుకుపొమ్మని పెనుకొండ నుంచి చెల్లెలు రాధిక ఫోన్ చేస్తే, పట్టుగూళ్లు తోలే వ్యాన్ వేసుకొని ఆఘమేఘాల మీద వచ్చాడు ఆంజనేయులు.

చెల్లెలి స్నేహితురాలు మరి. అంతకుమించి ఏముందో రాధికకు తెలుసు, వాళ్లమ్మకు తెలుసు, పక్కింటి వాళ్లకూ తెలుసు. కీర్తనకు మాత్రం తెలియదు. ఎప్పుడు నోరు తెరిచి "అన్నా" అంటుందోనని మనవాడి గుండె గుబగుబలాడుతూనే ఉంటుంది.

"ఏముండాది దాంట్లో, బంగారమా?"

"గవ్వలబ్బా. కంటికి ఆనని గవ్వలు. నన్ను కాదు, రోడ్డు చూసి తోలు."

"సముద్రం యాడ, మన ఊరు యాడ! నీకెట్ల దొరికినాయి?"

"బంగాళాఖాతం అడుగున బురద తవ్వి తీసినారు. నలుసంత జీవులు ఎప్పుడో కట్టుకున్న గవ్వలు ఇవి." చెప్పేటప్పుడు ఆమె కళ్లలో వెలుగు చూడాలి! "ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని రకాలుంటాయి. లోకమంతా చలేసిన కాలంలో తేలికది ఆవిరై పోయి, మంచుగడ్డల్లో ఇరుక్కుంటాది. బరువుది సముద్రంలో ఎక్కువ మిగుల్తాది. ఆ నీళ్లలో ఏది ఎంతుండాదో గవ్వ అట్లే పట్టుకుంటాది. దాన్ని కొలిస్తే సముద్రం ఎప్పుడు ఎంత దిగిందో తెలుస్తాది. ఇరవై వేల ఏండ్ల కిందట నూరు మీటర్లకు పైనే దిగిపోయింది, తెలుసా?"

"ఆ దిగిన నీళ్లేవో మా బోర్లోకి వచ్చింటే పోయేది."

కీర్తన పకపకా నవ్వింది. ఆ నవ్వుకు వ్యాన్ కాస్త పక్కకు జరిగిన మాట నిజం.

నవ్వాక ఆమె మొహంలో మళ్లీ దిగులు కమ్ముకుంది. రేపు పొద్దున బెంగళూరులో గవ్వలు కొలిచే మిషన్ మీద ఆమె వంతు. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. ఆమె పరిశోధనకు గైడు గోవిందప్ప సార్ హిందూపురంలో ఎదురుచూస్తున్నాడు. ఈ వంకేమో తగ్గేటట్టు లేదు.

ఇంటికొచ్చి డబ్బా తెరిచేసరికి ఇద్దరి ప్రాణాలూ ఉసూరుమన్నాయి. ఒక మూలగా నీళ్లు దిగి కొన్ని పొట్లాలు చెమ్మగిల్లాయి. విప్పి ఆరబెట్టాలి.

"పట్టుపురుగుల షెడ్డులో గాలి బాగా ఆడతాది. ఖాళీ స్టాండు ఉండాది, ఆడ పరుద్దాం," అన్నాడు ఆంజనేయులు.

"ఎవురన్నా ముట్టుకుంటే?"

"ఎవురూ ముట్టరు. నాది పూచీ."

కీర్తన జాగ్రత్తగా పొట్లాలు విప్పి పెట్టి, తల తుడుచుకోవడానికి ఆంజనేయులు వాళ్లమ్మ నారాయణమ్మ దగ్గరికి వెళ్లింది. మనవాడు షెడ్డులోనే ఉండిపోయాడు. పట్టుపురుగులు జ్వరానికి కూర్చున్నాయి. అంటే ఆకు మాని, పొర విడిచే సమయం. వాన చెమ్మకు పడక తడిస్తే రోగం తగులుతుంది. అందుకని సున్నప్పొడి చల్లాలి. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. గుడ్డలో పొడి మూటగట్టి, ఒక్కో స్టాండు మీదా దులుపుకుంటూ పోయాడు. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి, మనసు మాత్రం రేపు వంక తప్పించి, చుట్టుతిరిగి కీర్తనను హిందూపురం చేర్చే దారిలో ఉంది. "కీర్తనా, నీకొక మాట చెప్పాల..." అని పైకే అనుకుంటూ చివరి స్టాండు మీద కూడా రెండు దెబ్బలు దులిపాడు.

అప్పుడు చూశాడు. తెల్లటి పొడి, తెల్లటి నలుసుల మీద.

అయ్యో దేవుడా! ఊదబోయాడు, మళ్లీ గవ్వలే ఎగిరిపోతాయని ఆగాడు. పైకి చూస్తే తేడా ఏమీ కనిపించడం లేదు. పొట్లాలు కట్టేస్తే ఎవరికీ తెలియదు. రేపు నవ్వుతూ మిషన్ దగ్గరికి వెళ్తుంది. చెప్తే? ఏడాది కష్టం బూడిదపాలు చేసినవాడి మొహం ఇక జన్మలో చూస్తుందా?

గుమ్మం దగ్గర కాఫీ గ్లాసులతో కీర్తన నిలబడి ఉంది.

"ఏమబ్బా, అట్లుండావు? ఆరినాయా?"

"కీర్తనా... వాటిమీద సున్నం పడింది. నేనే చల్లినా. ధ్యానం యాడో పెట్టుకొని చల్లినా."

గ్లాసులు కింద పెట్టి ఆమె స్టాండు దగ్గరికి పరుగెత్తింది. వేలితో అంచు తాకి చూసింది. కళ్లు నిండాయి. తిట్టినా బాగుండేదే!

"కడిగితే పోదా?" అన్నాడు బిక్కచచ్చిపోయి.

"పోయిందని ఎట్ల నమ్మేది? సున్నం గాలి పీల్చుకొని గవ్వలో ఉండే సున్నపురాయే అవుతాది. మిషన్ రెండిటినీ కలిపి కొలుస్తాది."

వెళ్లి గోవిందప్ప సార్‌కు ఫోన్ చేసింది. ఆమె తిరిగొచ్చి, డబ్బాలో విప్పకుండా మిగిలిన పొట్లాలను తీసి చూసుకుంది.

"వీటిని రేపు కొలుస్తాం. సున్నం పడినవి పక్కన పెట్టాల. ఆ లోతుల బురద ల్యాబ్‌లో ఇంకా ఉండాది. మళ్లీ కడిగి, సన్న కుంచెతో ఒక్కో గవ్వా ఏరాల. నెలల పని."

"అంత పని పెట్టినా కదా," అన్నాడు.

"పెట్టినావు. బాగా కోపంగా ఉండాది నాకు." కళ్లు తుడుచుకుంది. "కానీ నువ్వు నోరు మూసుకొని ఉండుంటే, లేని సముద్రాన్ని ఉందని రాసేదాన్ని. నన్ను చూసి ఇంకొకరు రాసేవాళ్లు. అది తలచుకుంటేనే భయమైతాంది." అతని వైపు తిరిగింది. "ధ్యానం యాడో పెట్టినానంటివే, యాడ పెట్టినావు?"

ఆంజనేయులు తల వంచుకున్నాడు. ఎన్నిసార్లు కూడబలుక్కున్న మాటలో, ఒక్కటీ గుర్తు రాలేదు.

"నీ మీద. నిన్ను పెండ్లి చేసుకోవాలని ఉండాది. ఇంత చేసినాక అడిగే మొహం లేదు."

వంకలా పొంగే భయంతో అతను తలెత్తాడు.

కీర్తన చల్లారిన కాఫీ గ్లాసు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఆదివారం మా నాయన ఇంట్లోనే ఉంటాడు," అంది. "మీ అమ్మను తోలుకొని రా."