ఆపరేషన్ పక్క గది

మనసులో అసూయ పెట్టుకున్నవాడి పూజ దేవుడికి చేరుతుందా, లేక గడప దగ్గరే ఆగిపోతుందా?

ఈ సందేహం నారాయణకు చాలా ఏళ్లుగా ఉంది. పూజారిని అడగాలంటే మొహమాటం. ఇంట్లో అడిగితే, "ఎవురి మీద అసూయ?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అందుకే ఆ శనివారం ఉదయం కూడా జమ్మలమడుగు నారాపురస్వామి గుడిలో కళ్లు మూసుకుని, దాన్ని మళ్లీ స్వామి ముందే పెట్టాడు.

జవాబు రాలేదు. ఫోన్ వచ్చింది.

"మీ గేదె ఎదకొచ్చిందాండీ?" అవతలి నుంచి గంభీరమైన ఆడగొంతు.

"సూది సిద్ధంగా ఉంది మేడమ్," అన్నాడు నారాయణ, గంట చప్పుడుకు దూరంగా జరుగుతూ.

"పులివెందుల. చీనీకాయల ప్యాకింగ్ షెడ్. వెంటనే బయల్దేరండి. యశ్వంత్ ఇప్పటికే వచ్చేశాడు."

లైన్ కట్ అయింది. నారాయణ చేతిలోని తీర్థం చేదుగా అనిపించింది. యశ్వంత్ ఇప్పటికే వచ్చేశాడు! ఎప్పుడూ అంతే కదా.

ఊళ్లో వాళ్ల దృష్టిలో నారాయణ ఢిల్లీ కొలువులో ఉన్న గుమాస్తా. నిజానికి పేరు లేని ఒక గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. కొలంబోలో గొడుగులు బాగుచేసేవాడి వేషంలో నెలల తరబడి ఫుట్‌పాత్ మీద కూర్చుని శత్రువుల రాకపోకలన్నీ కనిపెట్టింది నారాయణ. చివరి రోజు సూటు వేసుకుని లోపలికి వెళ్లి, ఫైల్ పట్టుకుని బయటికి వచ్చింది యశ్వంత్. మెడల్ ఎవరి మెడలో పడిందో వేరే చెప్పాలా? యశ్వంత్ వయసులో చిన్నవాడు, ప్రొద్దుటూరు పిల్లవాడు, నోరారా "అన్నా" అని పిలుస్తాడు. అదే నారాయణకు మరీ బాధ. కనీసం చెడ్డవాడైనా అయ్యుంటే అసహ్యించుకోవడం సులువయ్యేది.

షెడ్‌లో బత్తాయిల వాసన ముక్కు పగలగొడుతోంది. యశ్వంత్ పట్టు చొక్కా వేసుకుని, వేళ్లకు ఉంగరాలతో ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి వేషంలో ఉన్నాడు. చేతికి కొత్త వాచ్. అందులో కెమెరా, ట్రాకర్, ఇంకా ఏవేవో ఉన్నాయట. బయట నల్లటి ఏసీ కారు.

నారాయణ ముందుకు జరిగినవి ఒక పాత అల్యూమినియం క్యాన్, ఖాకీ సంచీ, భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవ్స్.

"ఇదేంది మేడమ్?"

"మీ డిస్‌గైజ్," టాబ్లెట్ తెర మీద నుంచి చీఫ్ స్వర్ణలత అంది. "పల్లెల్లో పశువులకు ఎద సూది వేసే గోపాలమిత్ర మీరు. క్యాన్‌లో లిక్విడ్ నైట్రోజన్, అందులో సన్నటి స్ట్రాల్లో గడ్డకట్టిన ముర్రా దున్నపోతు వీర్యం. వారం ట్రైనింగ్ తీసుకున్నారుగా?"

"తీసుకున్నా. నాకు గాడ్జెట్లు?"

"మోపెడ్ ఇస్తున్నాం కదండీ."

యశ్వంత్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "అన్నా, మోపెడ్‌కు హారన్ గూడా ఉందంట!"

"నీ వాచీ టైము చూపిస్తాదా అప్పా, లేక అదొక్కటి మర్చిపోయినారా?" అన్నాడు నారాయణ.

అప్పుడు మూలనున్న స్టూలు మీద నుంచి డాక్టర్ తస్లీమా లేచింది. ప్రొద్దుటూరు అమ్మాయే. పులివెందుల శివార్లలోని చిన్న ల్యాబ్‌లో కొన్నేళ్లుగా ఒకే ఒక్క ప్రోటీన్ వెంట పడి తిరిగిన మనిషి. కళ్ల కింద నలుపు, నిద్ర లేని మొహం.

"కణాన్ని ఒక ఇల్లు అనుకోండన్నా," అంది. "గోడకు కాలింగ్ బెల్ ఉంటుంది కదా. బయట ఎవురన్నా నొక్కితే లోపల మోగుతుంది. ఆ బెల్లే మా ప్రోటీన్. పేరు కైనేజ్. క్యాన్సర్‌లో ఆ బెల్లు ఇరుక్కుపోతుంది. ఎవురూ నొక్కకపోయినా మోగుతానే ఉంటుంది. కణం ఆగకుండా పెరుగుతానే ఉంటుంది."

"దాన్ని ఆపే మందు లేదామ్మా?"

"ఉన్నాయి. అన్నీ స్విచ్ ఉండే గదిలోనే దూరాలని చూస్తాయి. ఆ గదికి శానా పోటీ. కణంలో శక్తినిచ్చే అణువు ముందే పోయి ఆడ కూర్చుంటుంది. పైగా అట్లాంటి గదులు మంచి ప్రోటీన్లకు గూడా ఉంటాయి. మందు తప్పు ఇంట్లో దూరితే రోగికి బాధ." ఆమె పిడికిలి బిగించి చూపించింది. "అందరూ ఈ ప్రోటీన్‌ను ఫోటోలోనే చూసినారన్నా. ఫోటోలో అది రాయి. నిజంగా అయితే అది ఊపిరి తీసే మనిషి మాదిరి కదుల్తానే ఉంటుంది." పిడికిలి కొంచెం వదులైంది. చిటికెన వేలు పక్కన చిన్న సందు కనిపించింది. "అట్ల కదిలేటప్పుడు ఒక్క క్షణం పక్కన ఇంకో గది తెరుచుకుంటుంది. మా మందు ఆడ కూర్చుంటే ప్రోటీన్ ఒళ్లంతా మెలి తిరుగుతుంది. అవతల ఉండే స్విచ్ ఆగిపోతుంది."

"పక్క గదిలో కూర్చున్నది అసలు గదిని ఆపుతుందా?"

"అవునన్నా. దాన్ని ఎవురూ చూడరు. అదే దాని బలం."

నారాయణ మొహం గంటు పెట్టుకున్నాడు. ఇది తనను ఓదార్చడానికి చెప్పిన మాట కాదు గదా అని అనుమానం.

మిగతాది స్వర్ణలత చెప్పింది. 'ఆర్కిడ్' అనే విదేశీ ముఠాకు ఈ మందు సంగతి తెలిసిపోయింది. పాత మందు మీద కోట్లు సంపాదిస్తున్న ఒక పెద్ద శక్తి ఆ ముఠాను నడుపుతోంది. వాళ్లు ల్యాబ్ కంప్యూటర్లను ఇప్పటికే తుడిచేశారు. మిగిలింది ఒకే ఒక్క శాంపిల్. పక్క గది తెరుచుకున్న క్షణంలో, మందుతో సహా గడ్డకట్టించిన ప్రోటీన్. వెచ్చబడితే దాని ఆకారం చెడిపోతుంది, తస్లీమా కష్టమంతా నీళ్లపాలవుతుంది. సాయంత్రంలోగా ప్రొద్దుటూరులో మన కోల్డ్ వ్యాన్‌కు చేరాలి.

"యశ్వంత్ కారులో, నల్ల పెట్టెలో శాంపిల్. ఎర్రగుంట్ల రోడ్డు. నారాయణగారూ, మీది డమ్మీ. ముద్దనూరు నుంచి జమ్మలమడుగు మీదుగా రండి. ఆ దారి అస్సలు వదలొద్దు."

"డమ్మీ," అన్నాడు నారాయణ మెల్లగా.

"ముఠా లోపల మన ఇరమ్ ఉంది. ఏదైనా తేడా వస్తే ఆమె యశ్వంత్‌కు సిగ్నల్ ఇస్తుంది."

ఇరమ్ డబుల్ ఏజెంట్. ఖరీదైన కళ్లద్దాలు, అంతకంటే ఖరీదైన నవ్వు. నివేదికలన్నీ యశ్వంత్‌కే ఇస్తుంది. నారాయణ ఎదురుపడితే తల కూడా ఊపదు.

"ఆమె ఏ పక్క మనిషో నాకు నమ్మకం లేదు మేడమ్," అన్నాడు. అది అనుమానమా, కడుపుమంటా? అతనికే తెలియలేదు.

మోపెడ్ ముద్దనూరు చేరేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. అక్కడ రోడ్డు చీలింది. నేరుగా పోతే జమ్మలమడుగు. కుడివైపు కలమల్ల మీదుగా ఎర్రగుంట్ల. యశ్వంత్ వెళ్లిన దారి.

నారాయణ బండి ఆపాడు. వాడు మళ్లీ గెలుస్తాడు. తాను మళ్లీ డమ్మీ క్యాన్ మోసుకుని వెనక వస్తాడు. అదే వాడికేదన్నా ఆపద వచ్చి, సరిగ్గా ఆ సమయానికి తాను అక్కడ ఉంటే? కొలంబో లెక్క సరిపోదా?

స్వామిని తలుచుకుందామనుకున్నాడు. సిగ్గేసి తలుచుకోలేదు. బండి కుడివైపు తిప్పాడు.

కలమల్ల దగ్గర పవర్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపిస్తుండగా ఒక నడివయసు ఆవిడ రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడింది. పేరు వసంతమ్మ.

"ఆగప్పా! పొద్దున్నుంచీ ఫోను చేస్తాండా, ఇప్పుడా వచ్చేది? ఎనుము అరిచి అరిచి సస్తాంది!"

"నేను కాదమ్మా, వేరే ఊరికి..."

"క్యాను నీది కాదా? సూది నీది కాదా? ఈ పొద్దు దాటితే మళ్లీ ఎదకొచ్చే దాకా పాలు నువ్వు పోస్తావా?"

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. క్యాన్ పెట్టుకుని కాదంటే వేషం బయటపడుతుంది. నారాయణ గేదె కట్టేసిన పాకలోకి నడిచాడు. గ్లవ్ వేసుకుని, గోరువెచ్చని నీళ్లు అడిగి, క్యాన్ మూత తీశాడు. తెల్లటి పొగ పొర్లింది. నేర్పినట్టే, లోపలి డబ్బాను క్యాన్ మెడ దాటకుండా కొంచెం పైకి లాగాడు.

పసుపు స్ట్రాల మధ్య ఎర్ర మూత ఉన్న చిన్న గొట్టం. దాని మీద తస్లీమా చేతిరాత.

నారాయణ డబ్బాను వెంటనే లోపలికి దించాడు. డమ్మీ తనది కాదు. అసలు శాంపిల్‌నే భద్రమైన దారి తప్పించి, అసూయతో ఇంత దూరం మోసుకొచ్చాడు.

చెవిలోని ఇయర్‌పీస్ గరగరలాడింది. స్వర్ణలత గొంతు. "యశ్వంత్‌ను పట్టుకున్నారు. పెట్టె ఖాళీ అని తెలిసిపోయింది. అతని ఇయర్‌పీస్ పట్టుకుని దగ్గర్లో ఉన్న సిగ్నల్ వెతుకుతున్నారు. మీరు జమ్మలమడుగులో ఉన్నారు కాబట్టి వాళ్లకు దొరకరు. నారాయణగారూ? ఎక్కడున్నారు?"

అతను జవాబు చెప్పేలోపే పాక ముందు నల్ల కారు ఆగింది.

ముందు దిగింది ఒక పొడవాటి తెల్ల మనిషి. మెడలో కెమెరా, నెత్తిన టోపీ, గండికోట చూడటానికొచ్చిన టూరిస్టు వేషం. పేరు వాన్ రీక్, ఆర్కిడ్ ముఠాలో ముఖ్యుడు. వెనక ఇరమ్. వాన్ రీక్ యశ్వంత్‌ను బయటికి ఈడ్చి, పేడ మీద మోకాళ్లపై కూర్చోబెట్టి, తలకు పిస్టల్ ఆనించాడు.

"శాంపిల్," అన్నాడు ఇంగ్లిష్‌లో, తన చిన్న స్టీలు ఫ్లాస్క్ చాచి. "ఇందులో వెయ్యి. లేదంటే వీడు పోతాడు."

ఒక్క క్షణం. నారాయణకు తర్వాత కూడా తలుచుకుంటే ఒళ్లు జలదరించే క్షణం అది. ఏ మాటా అనకుండా నిలబడితే శాంపిల్ చేజారదు, యశ్వంత్ మాత్రం ఉండడు. ఆ ఆలోచన మనసు దాకా వచ్చిన మాట నిజం. వచ్చినదాన్ని నారాయణ లోపలికి రానివ్వలేదు.

పటకారు తీసుకున్నాడు. క్యాన్‌లోకి వంగాడు. పొగలో నుంచి ఒక పసుపు స్ట్రా పట్టి ఫ్లాస్క్‌లోకి జారవిడిచాడు. ముర్రా దున్నపోతుది.

"అన్నా, వద్దు!" యశ్వంత్ అరిచాడు. స్ట్రా రంగు అతను కూడా చూశాడు, అది శాంపిల్ కాదని తెలుసు. అయినా కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. "ఆ పాప జన్మంతా కష్టపడింది, ఇయ్యొద్దన్నా!"

పిస్టల్ పిడి అతని దవడకు తగిలింది. రక్తం వచ్చింది. ఏడుపు ఆగలేదు.

అంతలో వసంతమ్మ ఫ్లాస్క్ పట్టుకుంది. "ఏందిరా ఇది? నా ఎనుముకు వెయ్యాల్సిన సూది ఈ తెల్లోడికి ఎందుకు ఇస్తాండావు? వానికి యాడుంది ఎనుము?"

వాన్ రీక్ కళ్లు చిన్నవయ్యాయి. ఇరమ్ వైపు తిరిగాడు. "ఏమంటోంది?"

ఇరమ్‌కు తెలుగు వచ్చు. శాంపిల్ గొట్టానికి ఎర్ర మూత ఉంటుందనీ తెలుసు.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ప్రాణం పోయినా సరే, ఈ నిధిని దేశం దాటనివ్వనంటోంది. దీనికి కాపలా ఉన్నది ఈమేనట."

వాన్ రీక్ ముఖంలో గెలుపు వెలిగింది. ఫ్లాస్క్ లాక్కుని మూత బిగించాడు. "ఇక సాక్షులు అక్కర్లేదు," అంటూ యశ్వంత్‌కు గురిపెట్టడానికి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎద మీదున్న ఎనుము వెనక నిలబడకూడదని ఆ ఊళ్లో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. వాన్ రీక్‌కు ఎవరూ చెప్పలేదు. ఎనుము తన్నింది. పిస్టల్ గాల్లోకి లేచి కుడితితొట్టిలో పడింది. యశ్వంత్ ఆ పిస్టల్ మీదికి దూకాడు.

"టైమ్ లేదు బాస్! సరుకు దొరికింది కదా!" ఇరమ్ మోకాలు పట్టుకుని మూలుగుతున్న వాన్ రీక్‌ను కారులోకి లాగింది. స్టీరింగ్ దగ్గర కూర్చుంటూ, మొదటిసారి, నారాయణ వైపు చూసి తల ఊపింది.

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది.

"పోనివ్వండి," అంది స్వర్ణలత ఇయర్‌పీస్‌లో. "ఆ ఫ్లాస్క్ ఏ ల్యాబ్ తలుపు తడుతుందో, అక్కడ మన స్నేహితులు కాచుకుని ఉంటారు. మీరు వ్యాన్ చేరండి. ఇంకా టైముంది."

"మేడమ్, నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఎర పని యశ్వంత్ తనే అడిగి తీసుకున్నాడండీ. అసలు సరుకు నారాయణన్నకే ఇవ్వండి, ఆయన దగ్గరుంటే నేను నిశ్చింతగా తన్నులు తింటానన్నాడు. మీకు చెబితే మీ ముఖంలో కనిపించేస్తుందని కూడా అతనే అన్నాడు. మీరు కలమల్లలో ఎందుకున్నారో రిపోర్ట్‌లో నేనైతే అడగను. మీరే ఆలోచించుకోండి."

వసంతమ్మ వదల్లేదు. ఎనుముకు సూది వేయించుకునే పంపింది. సూర్యుడు పొగగొట్టాల వెనక్కి దిగకముందే, ముందు నారాయణ, వెనక క్యాన్ ఒళ్లో పెట్టుకుని యశ్వంత్, మోపెడ్ మీద ప్రొద్దుటూరు చేరారు. వ్యాన్ దగ్గర తస్లీమా ఎర్ర మూత గొట్టాన్ని మంచుపెట్టెలోకి మార్చి, మీటర్ చూసి, నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ గది తెరుచుకునే ఉంది. మందు దాని చోట అది కూర్చునే ఉంది.

ఇద్దరూ రోడ్డు పక్కన టీ బంకు దగ్గర నిలబడ్డారు. యశ్వంత్ దవడ వాచిపోయింది, పట్టు చొక్కా నిండా పేడ. టీ గ్లాసు ఎడమవైపు నుంచి పెట్టుకుని తాగడానికి తంటాలు పడుతున్నాడు.

నారాయణ వాచిన ఆ దవడ వైపు చూశాడు. ఇన్నేళ్లలో వీడికి తాను ఇవ్వాల్సి ఉండి ఇవ్వనిది ఒకటుంది. చిన్నదే. పైసా ఖర్చు లేనిదే. ఎన్నిసార్లో నాలుక చివరి దాకా వచ్చి తిరిగి లోపలికి పోయింది.

"బాగా చేసినావురా," అన్నాడు.

యశ్వంత్ గ్లాసు దించాడు. "ఏందన్నా? ఏమంటివి? ఇంకోసారి చెప్పు, వాచీలో రికార్డ్ చేసుకుంటా."

"పోప్పా," అన్నాడు నారాయణ టీ డబ్బులు తీస్తూ. "శానా ఏండ్ల బాకీ, అసలు తీర్చినా. వడ్డీ అడగొద్దు."