బోరు కాడి హద్దురాయి

చిరాగ్‌పల్లి దాటి, పెద్దరోడ్డు దిగి కర్ణాటక దిక్కు పోతే రెండు రాష్ట్రాల నడుమ ఒక హద్దురాయి ఉంటది. పొద్దుగూకినంక అటు ఎవరూ పోరు. ఎన్నటి ముచ్చటనో... గోల్కొండ ఫౌజు, బీదర్ ఫౌజు అక్కడ ఒకరి తలలు ఒకరు నరుక్కున్నరట. ఆ సిపాయిలు ఇంకా డ్యూటీ మీదనే ఉన్నరట. నేను చూడలే తల్లీ, విన్నదే చెప్తున్న. సంగమేశ్వరుడే సాక్షి.

రాయిని ఆనుకొనే ఒక బోరు. ఇటు నర్సింగ్‌ది రెండెకరాల అల్లం. అటు మంజునాథ్‌ది చెరుకు. పదేండ్లు వంతులేసుకొని పారించుకున్నరు. ఆ బోరు గట్టు మీదనే మాటనుకొని, నర్సింగ్ బిడ్డను మంజునాథ్ కొడుక్కిచ్చి వియ్యంకులైన్రు.

ఇగ మైకులొచ్చినయి. సుల్తానుల కాలం నుంచి ఈ నీళ్లు మావే అని ఇటొక నాయకుడు, కాదు మావని అటొక నాయకుడు. ఇద్దరికీ ఆ శివారుల గుంటెడు భూమి లేదు. కానీ వియ్యంకుల నడుమ మాటలు బందైనయి. తెల్లారితే సర్వేవాళ్లు వస్తరు. రాయికి ఏ దిక్కు పడితే బోరు ఆ దిక్కోళ్లదే. బోరు పోయిందా, నర్సింగ్ అల్లం వారంల ఎండుతది.

అందుకే అమాస రాత్రి గడ్డపార పట్టుకొని పోయిండు నర్సింగ్. రాయిని నాలుగడుగులు అటు జరిపితే చాలు, బోరు ఇటు పడ్తది.

భక్తిపరుడు గదా, దొంగతనమైనా పద్ధతిగ చేయాలె. రాయికి పసుపు పూసి, దండం పెట్టి, కొబ్బరికాయ ఎత్తిండు.

టప్...

కాయ ఇంకా చేతిలనే ఉంది.

చప్పుడు రాయి అవతల నుంచి వచ్చింది — పుర్రె పగిలినట్టు. నర్సింగ్ కండ్లు మూసుకొని, హనుమంతుని తలుచుకుంట, గడ్డపార రాయి కిందికి దూర్చి లేపిండు. రాయి కదిలింది... మళ్ల వెనకకొచ్చింది. అవతల నుంచి ఎవరో తోస్తున్నరు.

"యారదు?" — కన్నడంల ఎవరని అడిగిందొక వణికే గొంతు.

ఆ గొంతు నర్సింగ్ ఎరుగును. బిడ్డ పెండ్లిల మర్యాదలు తక్కువైనయని అరిచిన గొంతు.

ఫోన్ లైటు వేసిండు. మంజునాథ్! చేతిల గడ్డపార, కాళ్లకాడ పగిలిన కొబ్బరికాయ.

"నువ్వా బావా... దయ్యమనుకున్న," అన్నడు నర్సింగ్.

"నేను గూడ నిన్ను అట్లనే అనుకున్న. పసుపు నువ్వు పెట్టినవు, కుంకుమ నేను పెట్టిన. ఇగ రాయికేం తక్కువ?"

నవ్వాగలేదు ఇద్దరికీ. కొబ్బరి నములుకుంట కూసున్నరు. మనుమరాలికి పాలపండ్లు వస్తున్నయని మంజునాథ్ చెప్పిండు. ఎన్నొచ్చినయని నర్సింగ్ అడిగిండు. బోరు ఉమ్మడిదని పొద్దుగాల ఇద్దరం కలిసి చెప్దామా అన్న మాట ఇద్దరి నాలుక కొస దాకా వచ్చింది...

కానీ మంజునాథ్ చెయ్యి మెల్లగ గడ్డపార దిక్కు పోయింది. నర్సింగ్ చెయ్యి గూడ పోయింది. ఇద్దరూ లేచి మళ్ల రాయిని పట్టిన్రు — ఆయన ఇటు తోసుడు, ఈయన అటు తోసుడు.

ఈసారి రాయి జరంత గూడ కదలలే. మీద ఎవరో కూసున్నంత బరువు.

నర్సింగ్ లైటు పైకి తిప్పిండు. ఎవరూ లేరు.

"మాకైతే కొట్లాడుమని సుల్తాన్ హుకుం ఉండె," అన్నదొక అలసిన గొంతు, రాయి మీది నుంచే. "మీకెవరు చెప్పిన్రు భాయ్?"