రెండో వంటిల్లు

పొద్దున్నే కుక్కర్ మూడో కూత వేసేసరికి ముందుగదిలో ప్రింటర్ కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. కోడలు స్నానానికి వెళ్లింది. అత్తగారిది ఐదో తరగతి చదువే అయినా, ఎదురుగా కాగితం కనబడితే చదవకుండా ఉండలేదు. తడిచేతులు తువాలుకు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని కూర్చుంది.

కోడలిది ఇళ్లు గీసే పని. కంప్యూటర్‌లో గోడ గీస్తే ఇటుకలు, తలుపు పెడితే తలుపు, బందులు, గడియ, అన్నీ ధరలతో సహా పక్కనే జాబితాలోకి వాటంతటవే చేరిపోతాయి. ఈసారి గీసింది సొంత ఇల్లే. పాతదాన్నే పెంచి కట్టిస్తున్నారు. పదిగంటలకు మేస్త్రీ వచ్చి ఈ జాబితా పట్టుకెళ్తాడు.

ప్రతి వస్తువు పక్కనా చిన్న బొమ్మ, ఒక అంకె. తలుపులు తొమ్మిది. సింకులు రెండు. పొయ్యిలు రెండు.

ఆవిడ పక్కనే ఉన్న కంప్యూటర్ వైపు తిరిగింది.

తెర మీద ఇల్లు మూత తీసిన అగ్గిపెట్టెలా ఉంది. వేలు పెట్టి తలుపులు లెక్కపెట్టింది. ఎనిమిదే. వంటిల్లూ ఒకటే. మరి రెండో పొయ్యి ఎక్కడ? ఆ తొమ్మిదో తలుపు ఎటు తెరుచుకుంటుంది? మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. అవే ఎనిమిది.

కొడుకు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

“వేరు కుంపటి ఎక్కడ పెడుతున్నార్రా?”

“ఏం కుంపటమ్మా?”

“రెండు పొయ్యిలు, రెండు సింకులు. బొమ్మలో దాచేసి కాగితంలో పెడితే మేస్త్రీకి తెలుస్తుంది, ముసల్దానికి తెలీదనా?”

వాడు నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. ఆ ఆగడమే ఆవిడకు సాక్ష్యమైంది.

“నిజమేనన్నమాట.”

“అది కాదు. వేరే సంగతుంది. నీకు నిన్నే చెప్దామనుకున్నాం.” వాడు తల గోక్కున్నాడు. “ఖర్చు మన దగ్గరున్నదానికి బాగా మించిపోయింది. అందుకని కింద నీకనుకున్న గది తీసేశాం. ప్రస్తుతానికి పైగదిలో సర్దుకుంటావని...”

“ఆ మెట్లెక్కా? ఎక్కితే దిగలేను, దిగితే ఎక్కలేను. ఏదో ఒకరోజు మధ్యలోనే పోతాను. అప్పుడు ఖర్చు తగ్గుతుందిలే.”

“పొద్దున్నే ఆ మాటలేంటి?”

కోడలు తడిజుట్టు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. “ఎవరత్తయ్యా పోయేది?”

“పోవడానికి దారి తెలీకే అడుగుతున్నాను. ఆ తొమ్మిదో తలుపు ఎక్కడుందో చెప్పు.”

“తొమ్మిదా? ఎనిమిదే పెట్టాను.”

కాగితం చదివింది. మళ్లీ చదివింది. తువాలు భుజాన పడేసి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఏదో నొక్కగానే వంటింటి మీద ఇంకో వంటిల్లు దయ్యంలా తేలింది.

“ఇది మొదట గీసింది. కిటికీ ఎదురుగా పొయ్యి పెడితే గాలికి మంట ఆరిపోతుందని మీరే అన్నారు కదా, అందుకని వేరేది గీసి, దీన్ని కనపడకుండా దాచాను. చెరపలేదు. దాచినా లెక్కలో ఉంటుంది. తలుపు, అల్మారాలు, గట్టు బండ, టైల్స్, అన్నీ రెండేసి సార్లు పడ్డాయి.” గొంతు తగ్గింది. “ఊళ్లోవాళ్ల ఇళ్లకి వందసార్లు సరిచూస్తాను. మనింటికే చూసుకోలేదు.”

చెరిపేసింది. జాబితా అడుగున ఖర్చు మొత్తం గబగబా దిగింది. తీసేసిన గదిని తెచ్చి పెట్టింది. మొత్తం మళ్లీ పెరిగింది గానీ, చేతిలో ఉన్నదానికి లోపలే ఆగింది.

“నేనేమో మీరు నన్ను వేరు పెడుతున్నారని...”

“అలా అనుకునేలా చేసింది మేమే. తీసేసేముందు అడగాల్సింది,” అంది కోడలు.

“అడిగితే ఏడుస్తాననేగా.”

“అవును.”

“ఏడుస్తాను. అయినా అడగండి.”

కోడలు లేచి కుర్చీ ఆవిడ వైపు తిప్పింది. “ఈ గదికి కిటికీ ఎక్కడ కావాలో మీరే పెట్టండి.”

“నేను ముట్టుకుంటే ఇల్లంతా కూలిపోతుందేమోనే.”

“కూలితే మళ్లీ కడదాం. పట్టుకోండి.”

ఆవిడ కూర్చుని మౌస్ పట్టుకుంది. కిటికీ ఒకసారి వంటింట్లోకి, ఒకసారి వీధిలోకి వెళ్లి, చివరికి మంచం పక్క గోడకు అతుక్కుంది. జాబితాలో కిటికీలు ఏడు కాస్తా ఎనిమిదయ్యాయి.

“ఒకటి పెరిగిందేమిటే?” కంగారుగా అడిగింది.

“అది మీది, అత్తయ్యా.”

ఆవిడ ఆ అంకెకేసి చూస్తూ కూర్చుంది. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నా అది తేటగా కనబడలేదు.