అర మెట్టు

పాట బాగా కుదిరింది. గొడవ ఆ తరువాత మొదలైంది.

ఆదివారం సాయంత్రం, షికాగో నలభై ఏడో వీధిలోని క్లబ్బులో డెల్ఫీన్ ప్రూయిట్ చివరి పాట ముగించి వేదిక దిగింది. జనం ఇంకా చప్పట్లు కొడుతున్నారు. ఆ పాటలో ఒక పై స్వరం ఉంది. జలుబు చేసిన గొంతు అక్కడికి చేరుతుందో లేదోనని ఆమె పొద్దుటి నుంచీ భయపడింది. చేరింది. అంత తేలిగ్గా ఎన్నడూ చేరలేదు.

ఆ సంతోషంలో ఉండగా, బృందంలో బాస్ వాయించే రూఫస్ గెయిన్స్ నోరు జారాడు. కుర్రాడు పాట శ్రుతి అర మెట్టు దించి మంచిపని చేశాడన్నాడు.

కుర్రాడంటే లూథర్ బీమన్. రోజూ వచ్చే పియానిస్టుకు ఒంట్లో బాగుండక, ఆ పూటకు బదులు వచ్చినవాడు. పాటకు ముందు వేదిక పక్కన ఆమె దగ్గడం విన్నాడు. ఎవరినీ అడగకుండా పాట శ్రుతి దించి అందుకున్నాడు. రూఫస్ చెవితో పట్టుకుని వెంట నడిచాడు. డెల్ఫీన్ గమనించలేదు.

ఆమె నేరుగా పియానో దగ్గరికి వెళ్లింది.

"నా పాట దించింది మీరేనా?"

"అర మెట్టే."

"నేనడిగానా?"

"దగ్గుతున్నారు కదా అని..."

"దగ్గింది నేను. పాడింది నేను. మధ్యలో మీరెవరండీ?"

"పియానో, మేడమ్."

రూఫస్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. డెల్ఫీన్ నవ్వలేదు. ఆ వీధిలో గాయని శ్రుతిని అడగకుండా ముట్టుకోవడమంటే ఆమె చేతిసంచీ తెరిచి చూడటంతో సమానం.

ఆ సాయంత్రం క్లబ్బులో కెస్లర్ అనే ఆయన ఉన్నాడు. చిన్న రికార్డు కంపెనీ యజమాని. రెండు రోజులకు ఆమెను పిలిపించాడు. నాటకాల్లోంచీ సినిమాల్లోంచీ వచ్చి అందరి నోళ్లలో మిగిలిన పాత పాటలతో ఆమె చేత ఒక ఆల్బమ్ పాడిస్తానన్నాడు. పెద్ద ఆర్కెస్ట్రా ఉండదు, నలుగురు వాద్యగాళ్లు చాలు. పియానోకు మాత్రం ఆ రోజు వాయించిన కుర్రాడే కావాలన్నాడు. అతను తప్ప ఎవరైనా పరవాలేదని డెల్ఫీన్ చెప్పింది. తను విన్నది ఇద్దరినీ కలిపి అన్నాడు కెస్లర్.

ఆమె ఒప్పుకుంది. మొదటి రోజే లూథర్‌కు షరతు చెప్పింది. తను చెప్పందే ఏదీ కదలకూడదు. అతను అలాగేనన్నాడు.

స్టూడియో ఒక ఫర్నిచర్ దుకాణం పైఅంతస్తులో ఉంది. కిటికీ పక్కనే పట్టాల వంతెన. రైలు వచ్చినప్పుడల్లా గది అదిరేది. రికార్డింగ్ చూసే వాల్ట్ అద్దం వెనక నుంచి చెయ్యెత్తేవాడు. చెయ్యి ఎత్తితే అందరూ ఆగాలి. రైలు పోయాక దించేవాడు. పాట మొదలై ముగియడం రెండు రైళ్ల మధ్యనే జరగాలి.

ఆ ఆగిన కాసేపట్లోనే మాటలు నడిచాయి. లూథర్ షరతును తు.చ. తప్పకుండా పాటించాడు. కుర్చీ జరపాలన్నా ఆమెను అడిగేవాడు. కిటికీ వేయమంటారా, మీరు చెప్పందే కదలకూడదు కదా అనేవాడు. ఆమె కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నారింజ తొనలు ఒలిచి పియానో మీద పెట్టేవాడు. తినమని అనేవాడు కాదు. ఆమె వచ్చి తినేది, థాంక్స్ చెప్పేది కాదు.

ఇంటికి వెళితే ఐవీ పిన్ని కాచుకుని ఉండేది. డెల్ఫీన్‌ను పెంచింది ఆవిడే. కింది గదిలో ఆడవాళ్లకు జుట్టు దువ్వి తీర్చే దుకాణం నడిపేది.

"ఆ అర మెట్టు దొంగ ఇవాళేమన్నాడే?"

ఏమీ అనలేదని చెప్పి, భోజనం అయ్యేదాకా అతని సంగతులే చెప్పింది డెల్ఫీన్.

"ఏమీ అనని మనిషికి ఇన్ని మాటలెక్కడివే?" అంది పిన్ని.

అన్ని పాటలూ అయ్యాయి. ఒకటి మిగిలింది. సరస్సు మీద వాన పడుతుంటే ఒకమ్మాయి ఎదురుచూసే పాట. కాల్చిన దువ్వెనతో జుట్టు సాపు చేస్తూ పిన్ని పాడుకునేది అదే. డెల్ఫీన్ పాట నేర్చుకున్నది దాంతోనే. ఆల్బమ్‌కు ఆ పాట పేరే పెట్టారు. అట్టలు అచ్చయి వచ్చాయి కూడా.

చివరి మధ్యాహ్నం వాన పట్టుకుంది. వారాల తరబడి పాడిన గొంతు అలిసిపోయింది. ఈ పాటలోనూ ఒక పై స్వరం ఉంది. మొదటిసారి దాని దగ్గర గొంతు చీలింది. రెండోసారీ చీలింది. మూడోసారి అక్కడికి చేరకముందే రైలు వచ్చింది.

కెస్లర్ లోపలికి వచ్చాడు. రేపటి నుంచి స్టూడియో వేరేవాళ్లదనీ, ఇంకొక్కసారికే వీలుందనీ చెప్పాడు. ఈ పాట లేకుండా ఆల్బమ్ లేదు. పై స్వరం వదిలేసి కిందనే పాడెయ్యమన్నాడు.

"అది లేకపోతే ఆ పాటెందుకు, మిస్టర్ కెస్లర్?" అంది డెల్ఫీన్.

ఆమె పియానో దగ్గరికి వెళ్లి వంగింది. మిగతావాళ్లకు వినపడకుండా, మొదటిసారి అతన్ని పేరుతో పిలిచింది.

"లూథర్, అర మెట్టు దించు."

అతను ఆమె వైపు చూశాడు.

"ఎత్తుగడ వస్తుందా మీకు?" అని అడిగాడు.

నాటకాల పాటలకు ముందు ఒక ఎత్తుగడ ఉంటుంది. తాళం లేకుండా, పియానో ఒక్కటే తోడుగా, మాట్లాడుతున్నట్టు పాడేది. క్లబ్బుల్లో అది ఎవరూ పాడరు. పిన్ని మాత్రం ఎప్పుడూ అక్కడి నుంచే అందుకునేది.

"వస్తుంది."

"అయితే అక్కడి నుంచి పాడండి."

అది కలిపితే పాట పొడవవుతుంది, రైలు వచ్చేస్తుంది అన్నాడు కెస్లర్. అంతలో మరో రైలు వచ్చింది, వాల్ట్ చెయ్యెత్తాడు. రైలు వెళ్లింది. వాల్ట్ చెయ్యి దించాడు.

పియానో మొదలైంది. డెల్ఫీన్ కళ్లు మూసుకుంది. ఆమె ఊపిరి తీసుకున్న చోట లూథర్ ఆగాడు. ఆమె కదిలితే కదిలాడు. వేడి దువ్వెన వాసన, పిన్ని చేతులు గుర్తొచ్చాయి. ఎత్తుగడ అయింది. బాస్ కలిసింది, డ్రమ్ము మీద బ్రష్షులు కలిశాయి, సాక్సఫోన్ కలిసింది. పై స్వరం వస్తోందని ఆమెకు గుర్తొచ్చేసరికి తను దాని మీదే ఉంది. కళ్లు తెరిచింది. లూథర్ పియానో మెట్లకేసి చూడటం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

చివరి తీగ మోగి మోగి ఆగింది. వాల్ట్ బొటనవేలు ఎత్తాడు. మరుక్షణం రైలు వచ్చింది, కాఫీ కప్పులు గలగలలాడాయి. కెస్లర్ కుర్చీలో కూలబడ్డాడు.

డెల్ఫీన్ పియానో మీద చెయ్యి వేసింది.

"దించినందుకు థాంక్స్."

"దించలేదు."

రూఫస్ ఈసారి నోరు మెదపలేదు. బాస్‌ను గుడ్డతో తుడవడంలో మునిగిపోయాడు. ఆమె వంగి పియానో మీద పై స్వరం నొక్కింది. ఆ వెంటే సన్నగా పాడి చూసింది. అదే. తన శ్రుతే.

"అడగనప్పుడు దించావు. అడిగితే దించలేదు."

"అప్పుడు మీ దగ్గు ఒక్కటే విన్నాను. ఇప్పుడు ఇన్నాళ్లుగా మిమ్మల్ని వింటున్నాను. ఆ స్వరం మీ దగ్గరే ఉంది. భయంతో ముందే పరిగెత్తుతున్నారు, అంతే."

"రెండుసార్లూ నువ్వే తేల్చేశావు."

"అవును. తప్పే."

"మూడోసారి అడిగి చెయ్యి."

లూథర్ పియానో మూత వేశాడు.

"అయితే ఇప్పుడే అడుగుతున్నాను. రికార్డింగ్ అయిపోయింది. రేపటి నుంచి మిమ్మల్ని చూడటానికి నాకు వంక లేదు. వంక లేకుండా రావచ్చా?"

ఇంకో రైలు వచ్చింది. అలవాటు కొద్దీ వాల్ట్ చెయ్యెత్తాడు. అలవాటు కొద్దీ అందరూ ఆగిపోయారు. అన్ని పెట్టెలూ దాటేదాకా లూథర్ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అంత పొడుగు రైలు ఆ లైన్లో ఎప్పుడూ రాలేదని తరువాత చెప్పుకున్నాడు.

వాల్ట్ చెయ్యి దించాడు.

"ఆదివారం మధ్యాహ్నం," అంది డెల్ఫీన్. "పిన్ని చేపలు వేయిస్తుంది. దొంగని చూడాలని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది."

ఆదివారం లూథర్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. పిన్ని తలుపు తీసి, కిందినుంచి పైదాకా చూసి, కూర్చోమని వంటింట్లోకి వెళ్లిపోయింది. ముందు గదిలో పాత పియానో ఉంది. లోపల పెనం మీద చేపలు తిప్పుతూ పిన్ని వాన పాట ఎత్తుగడ అందుకుంది. లూథర్ పియానో ముందు కూర్చుని మెల్లగా ఆ స్వరాలు వెతికాడు. దొరికాయి. వాయించకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని వంటింటి వైపు తిరిగాడు.

"పిన్నిగారూ, ఈ శ్రుతి మీకు సరిపోతుందా?"

లోపల పాట ఆగింది. పిన్ని గరిటెతో గుమ్మంలోకి వచ్చి డెల్ఫీన్‌ను చూసింది.

"అడుగుతున్నాడు కదే. వీడు దొంగేమిటి?"